మూత తీసిన కలం

రండర్రా, దగ్గరగా జరగండి. ఆ వెనకాల నిలబడ్డవాళ్లు కూడా. చాప చాలకపోతే అరుగు మీద కూచోండి, కాళ్లు ముడుచుకుని. ఒరే, ఆ పలక పక్కన పెట్టు. ఇది రాసుకునే పాఠం కాదు, వినే పాఠం.

జోగారావు అని ఒక కుర్రవాడు. లా కాలేజీలో చదివేవాడు. తరగతిలో అతని చేతిరాతను మించిన చేతిరాత లేదు. అక్షరాలు ముత్యాలు. పైగా వేగం. మాస్టారు చెప్పడం ముగించేసరికి వాడు రాయడం ముగించి కలం తుడుచుకుంటూ ఉండేవాడు. అలాంటివాణ్ణి ఒక ప్లీడరుగారు తీసుకెళ్లి, వచ్చినవాళ్లకి మంచినీళ్లు ఇమ్మని కుండ దగ్గర నిలబెట్టారు. అదీ వాడికొచ్చిన చిక్కు.

ఇది విశాఖపట్నం రేవులో బర్మా ఓడలు దిగుతున్న రోజుల మాట. మీ తాతలు అప్పటికి కుర్రాళ్లు. అంతకు ముందు మన వైపు పల్లెల నుంచి ఎందరో కూలి కోసం రంగూను వెళ్లారు. అక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు, అక్కడే పిల్లల్ని కన్నారు. ఒకనాడు ఆ దేశం వాళ్లని చూసి, మీరు మావాళ్లు కారు పొమ్మంది. ఓడెక్కి ఇక్కడికొస్తే ఈ దేశం, మీరు మావాళ్లేనని రుజువేమిటి అంది. అలా రెండు గట్ల మధ్యన పడ్డవాళ్లని కాందిశీకులు అన్నారు.

రేవుకి అరమైలు దూరంలో, రేకుల కప్పున్న పాత ఉప్పు గిడ్డంగిలో ఒక చిన్న సంఘం ఉండేది. కాందిశీకుల న్యాయ సహాయ సంఘం అని చెక్క మీద తెల్లరంగుతో రాసి, గుమ్మానికి కొట్టారు. దాన్ని నడిపేది సన్యాసిరాజుగారని ఒక ముసలి ప్లీడరు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. నల్లకోటు మోచేతుల దగ్గర వెలిసి బూడిదరంగైపోయింది. మాట తక్కువ మనిషి. కోర్టులో ఏం వాదిస్తారో గానీ, గిడ్డంగిలో మాత్రం పొద్దున్నించి సాయంత్రం దాకా పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

వేసవి సెలవుల్లో లా కాలేజీ పిల్లలు ఒకరిద్దరు ఆయన దగ్గరికి శిక్షణకొచ్చేవారు. రెండు నెలలు పనిచేస్తే చివర్న ఒక సర్టిఫికెట్టు. ఆ ఏడు వచ్చింది జోగారావు ఒక్కడే.

రాజుగారికి ఒక పద్ధతి ఉండేది. వచ్చిన మనిషిని ముందు బెంచీ మీద కూచోబెట్టాలి. గ్లాసుడు నీళ్లివ్వాలి. తాగేదాకా ఆగాలి. అప్పుడు ఆయన తన నల్ల కలం మూత తీసి, తెల్లకాగితం మీద పెట్టి, ఆ మనిషి ముందుకి జరిపేవారు. ఏమీ అనేవారు కాదు. ఊరికే ఆగేవారు.

పదిమందిలో తొమ్మిదిమంది ఆ కలాన్ని పామును చూసినట్టు చూసి వెనక్కి నెట్టేవారు. "నాకేటొచ్చు బాబూ, తమరే రాయండి" అనేవారు. అప్పుడు ఆయన కలం తీసుకుని అర్జీ రాసి, చదివి వినిపించి, ఇంకుదిమ్మ మీద వేలద్దించి వేలిముద్ర వేయించేవారు.

ఒక ముసలాయనైతే ఆ కలాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "శానా బాగుంది. దేవుడు తమర్ని సల్లగా సూడాల" అని జేబులో పెట్టుకుని లేచి వెళ్లిపోయాడు. జోగారావు వీధి చివరిదాకా పరుగెత్తి దాన్ని వెనక్కి తెచ్చాడు. తెచ్చి బల్ల మీద పెడుతూ, ఇంక ఆగలేక అడిగేశాడు.

"గురువుగారూ, ఈ తతంగం దేనికండీ?"

"ఏ తతంగం?"

"ఈ కలం ముందు పెట్టడం. చూస్తేనే తెలుస్తోంది గదండీ, రాయడం రాదని. ఒక్కొక్కరి దగ్గర పావుగంట పోతోంది. బయట చూడండి, ఎంతమంది ఎండలో నిలబడ్డారో. నాకు వదిలేస్తే ఒక్క పూటలో అందరికీ రాసి పంపించేస్తాను."

రాజుగారు బయట వరస వైపు చూశారు. తర్వాత కుండ వైపు చూశారు.

"నీళ్లు అయిపోయినట్టున్నాయి. చూడు" అన్నారు.

జోగారావు బిందె తీసుకుని వీధి కుళాయికి వెళ్లాడు. చెవులు ఎర్రబడ్డాయి. నీళ్ల కావిడి మొయ్యడానికి లా చదవాలా అని దారిపొడుగునా తనలో తను గొణుక్కున్నాడు. అలా మూడు వారాలు గడిచాయి.

ఆ వచ్చేవాళ్లలో ఎర్నమ్మ అని ఒకావిడ ఉండేది. ముప్పై అయిదేళ్లుంటాయి. జెట్టీ దగ్గర చేపల తట్టలు మోసేది. పని దిగాక తిన్నగా గిడ్డంగికి వచ్చి బెంచీ చివర కూచునేది. ఆవిడ ఒంటి మీంచి వచ్చే ఉప్పుచేపల వాసనకి జోగారావు నీళ్లగ్లాసు చెయ్యి చాచి ఇచ్చేవాడు, దూరం నుంచే.

ఆవిడ నీళ్లు తాగి, బొడ్లో దోపుకున్న ఒక మడతకాగితం తీసి ఒళ్లో పరుచుకునేది. దానికేసే చూస్తూ ఉండేది. పెదవులు మెల్లగా కదిలేవి. ఏదో దేవుడి పేరు తలుచుకుంటోంది పాపం అనుకున్నాడు జోగారావు. ఒకసారి గ్లాసు తీసుకునేటప్పుడు తొంగి చూశాడు. దూరానికి మన తెలుగులాగే గుండ్రంగా ఉన్నాయి అక్షరాలు. దగ్గరగా చూస్తే ఒక్కటీ తెలియలేదు. బర్మా రాత.

"రంగూన్ల మా పక్కింటి డా మ్యా రాసింది బాబూ" అంది ఎర్నమ్మ, వాడు చూడ్డం చూసి. "మా గుంట దాని కాడే ఉంది."

డా మ్యా అంటే ఆ పక్కింటి బర్మా ఆవిడ పేరు. గుంట అంటే కూతురు. అమ్మాజీ. పదేళ్ల పిల్ల.

ఎర్నమ్మ రంగూన్లోనే పుట్టింది. మొగుడు అక్కడే పోయాడు. ఓడెక్కే రోజున రేవులో వరస కట్టారు. నాలుగేళ్ల కొడుకుని ముందున్నవాళ్లెవరో ఎత్తుకుని ఓడ మీదికి చేర్చారు. ఈవిడ ఓడెక్కే చెక్క పలక మీద కాలు పెట్టేసరికి, వెనక వస్తున్న అమ్మాజీని ఓడ డాక్టరు పక్కకి లాగాడు. పిల్లకి తట్టు పోసింది. ఒళ్లంతా ఎర్రగా ఉంది.

"ఎక్కుతావా, దిగుతావా? దిగితే నీ కాయితం సెల్లదు అన్నారు బాబూ" అని చెప్పింది ఎర్నమ్మ ఒకరోజు రాజుగారికి. "ఓడ మీద వోడు ఏడుత్తన్నాడు. గట్టు మీద ఇది ఏడుత్తంది. నానేటి సెయ్యాల?"

రాజుగారు ఆవిడ గ్లాసు మళ్లీ నింపారు.

డా మ్యా జనంలోంచి వచ్చి అమ్మాజీ చెయ్యి పట్టుకుందట. తర్వాతొచ్చే పై ఓడకి పంపిస్తాను పో అందట. అది జరిగి పదకొండు నెలలు.

పిల్ల ఓడెక్కాలంటే రంగూన్లో ఉండే జాబితాలో దాని పేరుండాలి. పేరుండాలంటే, నేనిక్కడ ఉన్నాను, అది నా బిడ్డ, పంపించండి అని ఇక్కడి నుంచి తల్లి అర్జీ పెట్టాలి. రాబోయే ఓడకి అర్జీలు పదో తారీకుతో ఆఖరు. ఆ తర్వాత ఇంకో ఓడ ఉంటుందో ఉండదో ఎవరూ గట్టిగా చెప్పడం లేదు.

ఓడ దిగిన రుజువులు రేవు దగ్గరి సర్కారు కచేరీలో వెతికించి, వాటి నంబర్లు రాయించుకోవడానికే రాజుగారికి నెల పట్టింది. అన్నీ చేతికొచ్చేసరికి ఎనిమిదో తారీకైంది. సరిగ్గా ఆనాడే బరంపురం కోర్టు నుంచి ఆయనకి పిలుపొచ్చింది.

"జోగారావూ, రేపు నేనుండను. ఎర్నమ్మ అర్జీ నువ్వే రాసి కచేరీలో ఇచ్చిరా. మిగతావాళ్లవి నేనొచ్చాక చూద్దాం. మన పద్ధతి తెలుసు గదా."

"తెలుసండీ."

ఆయన జేబులోంచి తన కలం తీసి బల్ల మీద పెట్టి వెళ్లారు.

జోగారావుకి సొంత కలం ఉంది. బంగారు పాళీది. గురువుగారి కలాన్ని సొరుగులోకి తోసి, తన కలం తీశాడు.

ఆ రోజు వాడి ప్రతాపం చూడాలి. ఎర్నమ్మ ఒక్కదానికే కాదు, వరసలో ఉన్న అందరికీ రాస్తానన్నాడు. ఇంకుదిమ్మ మూత తీసి బల్ల మధ్యన పెట్టుకున్నాడు. బెంచీ మీద కూచోబెట్టి ఆపడాల్లేవు, కుండ ఊసే లేదు. మనిషి రావడం, చెప్పడం, వీడు రాయడం, చదవడం, వేలు పట్టుకుని అద్దడం. పోస్టాఫీసులో ముద్రలు గుద్దుతున్నట్టే.

ఎర్నమ్మ వంతు వచ్చింది. ఆవిడ చెప్పిందంతా విని, ఒక్క కొట్టివేత లేకుండా రెండు పేజీలు రాశాడు. చదివి వినిపించాడు. ఎర్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వాడికి లోపల్లోపల గర్వంగా అనిపించింది.

"ఇంద, ఇక్కడ" అన్నాడు కాగితం తిప్పి.

ఎర్నమ్మ కుడిచెయ్యి కొంగుకి రెండుసార్లు తుడుచుకుంది. బొటనవేలూ, చూపుడువేలూ, నడిమివేలూ దగ్గరగా చేర్చి చెయ్యి ముందుకి చాచింది. జోగారావు ఆ చేతిని పట్టుకుని, వేళ్లు విడదీసి, బొటనవేలిని ఇంకుదిమ్మ మీద నొక్కి, కాగితం మీద నొక్కాడు.

ఆవిడ నీలంగా మారిన తన వేలికేసి చూసుకుంది. వాడి మొహంలోకి చూసింది. ఏదో అనబోయి ఊరుకుంది.

"తర్వాత ఎవరు?" అన్నాడు జోగారావు.

మర్నాడు రాజుగారు రాగానే గుమ్మంలోనే చెప్పాడు.

"పద్నాలుగండీ గురువుగారూ! పద్నాలుగు అర్జీలు ఒక్కరోజులో. సాయంత్రం కచేరీలో ఇచ్చేసి వచ్చాను. ఒక్కటీ మిగల్లేదు."

రాజుగారు చెప్పులు విప్పి లోపలికొచ్చారు. కుండ మూత తీసి చూశారు. నీళ్లు అంచుదాకా అలాగే ఉన్నాయి.

"ఎవరికీ దాహం వెయ్యలేదా?" అన్నారు.

జోగారావు పరాచికమనుకుని నవ్వాడు.

పద్దెనిమిదో తారీకున కచేరీ నుంచి కవర్లొచ్చాయి. పదమూడు మంజూరు. ఒకటి కాలేదు. రాజుగారు ఆ ఒక్క కాగితాన్ని నిలబడే చదివారు. చదివి జోగారావు చేతికిచ్చి, కుర్చీలో కూచుని కళ్లద్దాలు తీసేశారు.

అందులో ఇలా ఉంది. 'ఎర్నమ్మ అను ఆమె ఓడ దిగినప్పటి కాగితము మీద బర్మా లిపిలో సంతకము చేసియున్నది. ప్రస్తుత అర్జీ మీద వేలిముద్ర కలదు. ఇద్దరూ ఒకే మనిషి యని నమ్ముటకు ఆధారము లేదు. అర్జీ తిరస్కరించడమైనది.'

జోగారావు రెండుసార్లు చదివాడు. వాడి ఒళ్లు మండిపోయింది. కాగితం పట్టుకుని జెట్టీకి పరుగెత్తాడు.

ఎర్నమ్మ నెత్తిమీద తట్టతో వస్తోంది. తట్టలోంచి నీళ్లు కారి మెడమీద పడుతున్నాయి.

"నీకు రాయడం వచ్చా?" అని అరిచాడు వాడు.

"తెలుగు రాదు బాబూ. బర్మా రాతొచ్చు. పొంగీల బళ్లో నాలుగేళ్లు సదివినాను." పొంగీలంటే అక్కడి బౌద్ధ సన్యాసులు.

"మరి సంతకం పెట్టకుండా వేలెందుకు వేశావు?"

ఎర్నమ్మ తట్ట దించింది. వాడి చేతిలో కాగితం చూసింది. ఏదో జరిగిందని అర్థమైంది. తప్పు తనదేననుకుంది. తల వంచుకుని మెల్లగా చెప్పింది.

"నువ్వు నా ఏలట్టుకుని అద్దినావు గద బాబూ. ఈ దేశంల ఆడోలు ఏలే ఎయ్యాలేమో అనుకున్నాను."

చుట్టూ కాకులు అరుస్తున్నాయి. వాడికి ఆ మూడు వేళ్లు గుర్తొచ్చాయి, దగ్గరగా చేరి ముందుకొచ్చిన ఆ మూడు వేళ్లు.

వాడు వెనక్కొచ్చేసరికి రాజుగారు కోటు తొడుక్కుని గుమ్మంలో ఉన్నారు. ముగ్గురూ కలిసి కచేరీకి వెళ్లారు. అక్కడి గుమాస్తా చెడ్డవాడు కాదు. చేతిలో ఏమీ లేనివాడు, అంతే.

"ఆవిడ చేత ఇక్కడే, మీ ఎదురుగా సంతకం పెట్టిస్తాను. ఆ ఓడ కాగితంతో పోల్చి చూడండి" అన్నారు రాజుగారు.

"పెట్టించండి. చూస్తానండి. చూసి నేనేం చెయ్యను?" అన్నాడు గుమాస్తా. "జాబితా నిన్ననే రంగూనుకి తంతిలో వెళ్లిపోయింది. అది వెనక్కొస్తుందా? పై ఓడకి మళ్లీ రాయండి."

"పై ఓడ ఎప్పుడు?"

గుమాస్తా ఫైలు కట్ట తాడు బిగించుకుంటూ కూచున్నాడు. తలెత్తలేదు.

నెలాఖరున ఓడ వచ్చింది. దిగేవాళ్లకి నీళ్లివ్వడానికి సంఘం తరఫున రాజుగారూ జోగారావూ రెండు కుండలు తీసుకుని రేవుకి వెళ్లారు. ఎర్నమ్మ అప్పటికే కంచె పట్టుకుని నిలబడి ఉంది. పక్కన కొడుకు. చేతిలో ఒక జత ఎర్ర చెప్పులు, ఆడపిల్లవి.

"అమ్మా" అన్నాడు జోగారావు. ఆవిణ్ణి అమ్మా అని పిలవడం వాడికదే మొదలు. "జాబితాలో పేరు లేదమ్మా. ఎండలో ఎందుకు…"

"తెలుసు బాబూ. ఎవులైనా జాలిపడి ఎక్కించీసుంటారేమో." చెప్పుల కేసి చూసుకుంది. "ఏడాదయింది గద. కాలెంత ఎదిగుంటదో. ఓ ఏలు పెద్దవే కొన్నాను."

జనం దిగడం మొదలైంది. మూటలు, ట్రంకు పెట్టెలు, పక్షి పంజరాలు, ముసలివాళ్లు. ఆడపిల్ల కనిపించినప్పుడల్లా ఎర్నమ్మ మునివేళ్ల మీద లేచేది. ఆ పిల్ల మొహం కనబడగానే మళ్లీ మడమలు దించేది. జోగారావు నీళ్లు పోస్తున్నాడు గానీ, వాడి చూపు ఆ మడమల మీదే ఉంది. లేవడం, దిగడం. లేవడం, దిగడం.

చివరివాళ్లలో ఒక లావుపాటి ఆవిడ దిగి, ఎర్నమ్మని చూసి మూట కింద పడేసింది. రంగూన్లో ఒకే వీధివాళ్లు.

"ఓలమ్మ, ఎర్నీ! నీ గుంటని సూసినానే. డా మ్యా రేవుకి తీసుకొచ్చింది. కొత్త గౌను ఏసింది. పేరు పిలుస్తారేమోనని నిలబడినాదే, అక్కడే నిలబడినాది. ఆకరి పేరు పిలిసి, ఓడ తాడు ఇప్పీదాకా నిలబడినాది."

ఎర్నమ్మ ఏడవలేదు. "ఎదిగిందా?" అని అడిగింది.

"నీ బుజం దాకా వొచ్చిందే."

ఎర్నమ్మ తన భుజం మీద చెయ్యి పెట్టుకుంది. అక్కడే ఉంచుకుంది. ఓడ మీంచి పలక తీసేశారు. కొడుకు చెయ్యి పట్టుకుని, చెప్పులు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది.

జోగారావు చేతిలో గ్లాసు ఉంది. ఎదురుగా ఒక ముసలాయన దాహంతో చెయ్యి చాచి నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో. రాజుగారు వచ్చి వాడి చేతిలో గ్లాసు తీసుకుని ఆయనకిచ్చారు.

ఆ తర్వాత పదిరోజులకి జోగారావు శిక్షణ ముగిసింది. ఆ పదిరోజులూ రాజుగారు వాణ్ణి ఒక్క మాట తిట్టలేదు. తిడితే బాగుండునని వాడికి ఉండేది. ఒకసారి వాడే అన్నాడు, "గురువుగారూ, తప్పు నాదే" అని. ఆయన "ఊఁ" అన్నారు. అంతే. అన్నం సయించలేదు వాడికి. చేతిరాత కూడా మారింది. మూడుసార్లు రాస్తే గానీ ఒక అర్జీ కుదిరేది కాదు.

ఆఖరిరోజు మధ్యాహ్నం రాజుగారు బల్ల ముందుకి పిలిచారు. సర్టిఫికెట్టు రాసి పెట్టి ఉంది. దాని పక్కన సంఘం రిజిస్టరు. శిక్షణకొచ్చిన ప్రతి విద్యార్థీ వెళ్లేటప్పుడు సర్టిఫికెట్టు ముట్టినట్టు అందులో సంతకం పెట్టాలి. ఆ పేజీ నిండా పాత విద్యార్థుల సంతకాలు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. కొన్ని వంకర్లు తిరిగి, కొన్ని కింద గీతలు కొట్టుకుని. లోకాన్ని ఏలబోయేవాళ్ల సంతకాలు.

జోగారావు జేబులోంచి తన బంగారు పాళీ కలం తీశాడు. మూత తిప్పుతున్నాడు.

రాజుగారు సొరుగు లాగి ఇంకుదిమ్మ తీశారు. మూత తెరిచి రిజిస్టరు పక్కన పెట్టారు. బల్ల మీంచి వంగి, జోగారావు కుడిచెయ్యి పట్టుకుని, కలం చుట్టూ ఉన్న వేళ్లని ఒక్కొక్కటే విడదీశారు. కలం బల్లమీద దొర్లింది. బొటనవేలిని ఇంకు దాకా తీసుకెళ్లారు.

"గురువుగారూ…" అన్నాడు వాడు. "నాకు సంతకం వచ్చండీ."

"నిన్నెవరడిగారు?" అన్నారు రాజుగారు.

రేకులు ఎండకి టిక్కుమన్నాయి.

జోగారావు చెయ్యి వెనక్కి లాక్కోలేదు. తనే వేలద్దుకున్నాడు. అన్ని సంతకాల కింద ఆ ఏడాది గడిలో ఒక నీలి మరక పడింది.

రాజుగారు రిజిస్టరు మూసి, కోటు తీసుకుని కోర్టుకి వెళ్లిపోయారు.

జోగారావు చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తలెత్తి చూస్తే బెంచీ చివర ఎర్నమ్మ ఉంది. ఎప్పుడొచ్చిందో. ఒళ్లో ఉత్తరం, పెదవుల కదలిక. పై ఓడ ఎప్పుడన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు. ఆవిడ మాత్రం పని దిగగానే ఎప్పటిలాగే వచ్చి కూచుంది.

వాడు కుండలోంచి నీళ్లు ముంచి, దగ్గరకెళ్లి రెండు చేతులతో ఇచ్చాడు. తాగేదాకా ఆగాడు. సొరుగులోంచి గురువుగారి నల్ల కలం తీశాడు. తెల్లకాగితం ఆవిడ ముందు పరిచి, కలం మూత తీసి దానిమీద పెట్టాడు. ఏమీ అనలేదు. ఎదురుగా నేలమీద కూచుని ఆగాడు.

ఎర్నమ్మ వాడి నీలపు బొటనవేలికేసి చూసింది. ఎందుకని అడగలేదు.

చెయ్యి కొంగుకి రెండుసార్లు తుడుచుకుంది. మూడు వేళ్లు దగ్గరకి చేరాయి. కలం పట్టుకుని రాయడం మొదలెట్టింది. గుండ్రటి అక్షరాలు, ఒకదాని పక్కన ఒకటి, తొందర లేకుండా. మన అక్షరాల్లాగే ఉన్నాయి. జోగారావు తదేకంగా చూస్తూ ఉన్నాడు. ఒక్కటీ చదవలేకపోయాడు.

అంతేనర్రా.

అమ్మాజీ వచ్చిందా అని అడగాలనుంది కదూ మీకు? ఆ తర్వాత చాన్నాళ్లు ఓడ రాలేదు. నాకు తెలిసింది అంతవరకే. సర్టిఫికెట్టు ఏమైందనా? బల్లమీదే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్న రాజుగారు వచ్చేసరికి జోగారావు వీధి కుళాయి దగ్గర బిందె నింపుతున్నాడట.

సరే, లేవండి. పొద్దు వాలింది. చాప ఎవరైనా చుట్టండి. ఇళ్లకి పోయి అన్నాలు తినండి. అమ్మలు కంచం ముందు పెట్టుకుని గుమ్మంకేసి చూస్తూ ఉంటారు. ఆలస్యం చెయ్యకండి.